గుర్తుపట్టిన చేపలు

రిటైరైనప్పటి నుంచి కాలుగాలిన పిల్లిలా తిరిగిన మా ఆయన, చివరికి కోడలితో కలిసి చేపల పెంపకం మొదలుపెట్టారు. పెరట్లో కుంట తవ్వించి చేపపిల్లల్ని వదిలారు. ఆ తర్వాత ఆయన తిరుగుడంతా గట్టు మీదే.

ఒకరోజు తెల్లవారగానే కేకేశారు. “ఇలా రావే! అన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నన్ను గుర్తుపట్టాయి!”

“పోన్లెండి, ఆఫీసులో ప్యూను కూడా మిమ్మల్ని గుర్తుపట్టేవాడు కాదు,” అన్నాను.

ఆయన మురిసిపోయి గుప్పెడు మేత చల్లారు. చాలదేమోనని మళ్ళీ చల్లారు. నోళ్ళు మూతపడలేదు.

పళ్ళు తోముకుంటూ వచ్చిన కోడలు ఒక్కసారిగా అరిచింది. “మేత ఆపండి మామయ్యా! వాటికి ఊపిరాడటం లేదు. నీళ్ళలోకి గాలి కొట్టే మోటారు ఎవరాపారు?”

“నేనేనమ్మా. ఆ మోతకి పాపం వాటికి నిద్ర పట్టదేమోనని...”

కోడలు స్విచ్చి దగ్గరకి పరిగెత్తింది. ఆయన ఇస్త్రీ చొక్కాతోనే కుంటలోకి దిగి, రెండు చేతులా నీళ్ళని బాదుతూ చిలకసాగారు. నేను బకెట్టుతో నీళ్ళు తోడి, గాలి కలిసేలా ఎత్తునుంచి పోస్తూనే ఉన్నాను.

చాలాసేపటికి చేపలు ఒక్కొక్కటే నోరు మూసుకుని అడుక్కి వెళ్ళిపోయాయి. నీటి మీద ఒక్క మూతి కూడా మిగల్లేదు.

తనకేసి ఎవరూ చూడనందుకు మా ఆయన అంతగా సంతోషించడం నేను మొదటిసారి చూశాను.