ప్రళయగోళం పగలాలి

“ఆదివారం ఆటలో ఇది పగిలి తీరాలి!” అంటూ దర్శకుడు ప్రళయగోళాన్ని నేలకేసి కొట్టాడు.

అది పగల్లేదు. టకటకా దొర్లుకుంటూ వెళ్లి గది మూల జిగురు డబ్బాల మధ్య ఆగింది. పగలడానికి అదేమన్నా గాజా? నున్నగా చెక్కి, నీలం రంగు వేసి, మెరుగు పూసిన చెక్క.

ఆ నాటకంలో కత్తి దగ్గర్నుంచి కిరీటం దాకా అన్నీ చేసేది సామాన్లక్క. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. లేచి వెళ్లి గోళాన్ని తీసి, చేతిగుడ్డతో తుడిచింది.

“ఎందుకు సార్ పగలడం? నలభై ఆటల నుంచి బాగానే నడుస్తోందిగా!”

“బాగానా? మొన్న ముందు వరసలో ఒకాయన లేచి ఏమన్నాడో విన్లేదా? ‘లోకాన్ని బూడిద చేసే గోళమట! రాజు వెంటపడతాడు, సేనాపతి వెంటపడతాడు, నువ్వు దాన్ని చంకనేసుకుని మూడు గంటలు పరిగెడతావు. మొదట్లోనే పగలగొట్టి చావొచ్చుగా, మేమూ ఇళ్లకు పోతాం’ అన్నాడు. హాలంతా ఒకటే నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది.”

పక్కనే ఉన్న హీరో వేషగాడు తల వంచుకున్నాడు. ఆ మాట మొహమ్మీద పడింది అతనికే మరి.

“ఒక్క దెబ్బకి వెయ్యి ముక్కలవ్వాలి,” అన్నాడు దర్శకుడు. “ చేతకాకపోతే చెప్పు, బజార్లో గాజుబుడ్డి కొనుక్కొస్తాను. ఆ తర్వాత నువ్విక రానక్కర్లేదు.”

“అసలు గాజు పగిలితే ఉత్తకాళ్లతో పరిగెత్తే ఈ అబ్బాయి ఏమైపోవాలి?” అంది సామాన్లక్క. ఉద్యోగం మాట అలా ఉంచి, ‘చేతకాకపోతే’ అన్న ముక్క దగ్గర ఆమెకు ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్లలో ఆమె చేసిన కత్తి విరగలేదు, ఆమె చేసిన కిరీటం జారలేదు.

“పగలకూడదన్నారు, పగలకుండా చేశాను. పగలాలంటే పగిలేలా చేస్తాను. చేతకాదనే మాట నా నోట రాదు సార్.”

నాలుగు రోజులు పంచదార పాకంతో కుస్తీ పట్టింది. పాకం లేతదైతే సాగుతుంది, మరీ ముదిరితే రంగు మారుతుంది. సరిగ్గా కుదిరినప్పుడు అచ్చులో పోస్తే మాత్రం గాజుకేమీ తీసిపోదు, ఎవరికీ గుచ్చుకోదు. మూడు గోళాలు పారేసింది. నాలుగోది కుదిరింది. దూరం నుంచి చూస్తే చెక్కదానికీ దీనికీ తేడా తెలీదు. దగ్గరికి తీసుకుంటే గుడ్డు పెంకంత పలచన, లోపల నీలం చారలు, దీపం ముందు పెడితే అవి కదులుతున్నట్టే ఉన్నాయి.

హీరో వేషగాడు నోరు తెరిచాడు. “దీన్నా అక్కా నేను పగలగొట్టేది?”

“పగలడానికే పుట్టింది. మొహమాటపడకుండా ఎత్తి కొట్టు.”

ఆదివారం ఆట మొదలయ్యే ముందు ఆమె తెర పక్కన బల్ల మీద, సుద్దతో గీసిన గడిలో ఆ గోళాన్ని పెట్టింది. గడిలో వస్తువును వేషగాడు తప్ప మరొకరు ముట్టుకోకూడదని ఆమె శాసనం. చెక్క గోళాన్ని బల్ల కింద పెట్టెలో పడేసింది.

ఆఖరి రంగం వచ్చింది. ఒకవైపు రాజు, ఒకవైపు సేనాపతి. తెర వెనక రేకుల ఉరుము చెవులు చిల్లులు పొడుస్తోంది. హీరో గోళాన్ని నెత్తి మీదికెత్తి నేలకేసి కొట్టాడు.

పగల్లేదు. దొర్లుకుంటూ వెళ్లి రాజు కాళ్ల దగ్గర ఆగింది. హీరో ఉరికి తీసి మళ్లీ కొట్టాడు. ఊహూఁ.

సామాన్లక్క తెర పక్కనుంచి తొంగిచూసింది. పాకం లేతదైందా? తేమ పట్టిందా? హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

హీరో గోళం పట్టుకుని మెల్లగా నడిచొచ్చి, సరిగ్గా ముందు వరస ఎదుట నిలబడ్డాడు.

“పగలగొట్టొచ్చుగా అన్నారు,” అన్నాడు వగరుస్తూ. “చూశారుగా! నేను ప్రయత్నించలేదనుకున్నారా? ఇది పగలదు. కింద పెడితే వాళ్లెత్తుకుపోతారు. అందుకే మోస్తున్నాను!”

హాలంతా చప్పట్లే చప్పట్లు. ముందు వరసే ముందు లేచి నిలబడింది.

తెర పడగానే దర్శకుడు సామాన్లక్క దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. “అద్భుతం! రేపట్నుంచి ఇలాగే. ఇక అది పగలనే వద్దు. నువ్వు లేకపోతే ఈ నాటకమే లేదమ్మా!” అన్నాడు. గుమ్మం దాటేలోగా ఆ ఆలోచన తనదేనని అందరికీ చెప్పడం కూడా మొదలుపెట్టాడు.

ఉద్యోగం నిలిచింది. అయినా సామాన్లక్క మొహం మాడిపోయింది. గదిలోకి వెళ్లి జిగురు డబ్బాల పక్కన కూలబడింది. ఊరంతా మెచ్చుకుంటే ఏం లాభం? పగలాల్సింది పగల్లేదు.

హీరో వేషగాడు లోపలికొచ్చి తలుపు వేశాడు. చంకలోని తువ్వాలు మడతలు ఒక్కొక్కటే విప్పాడు. అందులో నీలం గోళం, చిన్న గీత కూడా పడకుండా ఉంది.

“నాకు చేతులు రాలేదక్కా. పెట్టెలోంచి చెక్కదాన్ని తీసుకుపోయాను. ఇంత అందమైనదాన్ని పగలగొట్టాక నేనేం హీరోని? దీన్ని అద్దాల బీరువాలో దాచుకో.”

సామాన్లక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గోళాన్ని రెండు చేతులతో అందుకుని దీపం ముందు పట్టి చూసుకుంది.

“అయితే పాకం బాగానే కుదిరిందంటావా?”

“నీ చేతిలో కుదరకపోవడమా అక్కా!”

“నువ్వంటే సరిపోదు,” అని ఆమె గోళాన్ని ఎత్తి నేలకేసి కొట్టింది. అది ఘల్లుమని వెయ్యి ముక్కలైంది.

“చూశావా? ఒక్క దెబ్బకే!” అంది సామాన్లక్క, ఇరవై రెండేళ్లలో ఎన్నడూ లేనంత గర్వంగా.