గాలి తగ్గేదాకా

“లీవు మంజూరైంది! పది రోజులు!” బొగ్గుబాయి ఆఫీసు నుంచి వచ్చిన భూపాల్ బండి దిగకముందే గేటు దగ్గర అరిచాడు.

వంటింట్లో ఉల్లిపాయలు కోస్తున్న మమత కత్తిపీట వదిలి పరుగెత్తుకొచ్చింది. పెళ్లయి నలభై రోజులు. గోదావరిఖనిలోని ఆ క్వార్టర్‌లో వంటిల్లు కాక ఉన్నవి రెండే గదులు. మధ్య గుమ్మానికి తలుపు లేదు, అత్త పూలమ్మ పాత చీరే తెర. అవతల మామ దగ్గితే ఇవతల కొత్త జంట నవ్వు మింగేది. మనాలి టికెట్లు మమతే పట్టుబట్టి తీయించింది.

“ఇంకేం పోవుడు?” అన్నాడు మామ సదయ్య టీవీ ముందు నుంచి. బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా దన్నులు పెట్టే పని ఆయనది. ముప్పై ఏళ్లలో ఆదివారం డ్యూటీ కూడా వదిలింది లేదు. “కొండల మీద నాలుగొద్దులు గాలి దుమారమట. చెట్లు గూడ కూలుతయట. రద్దు చెయ్యిండ్రి.”

మమత ముఖం వాడింది. ఒక్క క్షణమే. కొంగు నడుముకు దోపి, నోటుబుక్కు తెచ్చుకుని నేల మీద కూర్చుంది.

“రద్దు లేదు మామయ్యా. గాలికి గూడ ఉపాయముంటది. అడుగుండ్రి, చెప్త.”

“దారిల ఉండంగనే గాలి లేస్తే?”

“కింద ఊర్లనే ఆగాలె. తగ్గినంకనే పైకెక్కాలె.”

“కొండ మీద తిరగంగ వస్తే?”

“అంచున నిలబడొద్దు. గాలి తగలని దిక్కుకు దిగి, వంగి కూసోవాలె. చెట్ల కింద, కరెంటు తీగల కింద, రేకుల షెడ్ల పక్కన అస్సలు ఉండొద్దు. గుడారంల పండుకునుడు బంద్.”

“రూముల?”

“కిటికీలకు దూరంగ, లోపలి గోడ దిక్కు.”

సదయ్య తలాడించాడు. “ఒకటి మర్చిపోయినవ్ బిడ్డా. బాయిల దిగంగనే పైకప్పును కట్టెతోని కొట్టి సప్పుడు వింటం. బోలుగ మోగితే అడుగు ముందుకెయ్యం. రూముల గూడ గట్లనే. పోంగనే తలుపు గడియలు, కప్పు చూసుకోవాలె.”

“రాసిన!”

పూలమ్మ సూట్‌కేసులో రెండు స్వెట్టర్ల మధ్య మోకాళ్ల నొప్పుల నూనె సీసా దూర్చింది. భూపాల్ నవ్వబోతే మమత కళ్లతోనే ఆపింది.

“గింత ఫికర్ ఎందుకు బిడ్డా? గాలి ఎక్కువైతే తెల్లారే తిరిగొస్తే అయిపాయె,” అంది పూలమ్మ.

“వద్దత్తమ్మా!”

ఆ అరుపుకు అందరూ ఉలిక్కిపడ్డారు. మమత గొంతు తగ్గించింది. “గాలిల ప్రయాణమే ప్రమాదం. తగ్గేదాక రూము వదలొద్దు. రెండొద్దులు ఎక్కువైనా మంచిదే.” ఆ మాట కింద రెండు గీతలు గీసి, కాగితం చింపి సూట్‌కేసు మూత లోపల అంటించింది.

సదయ్య అద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. “సరే. పోవుడే,” అన్నాడు.

మమత మళ్లీ కత్తిపీట ముందు కూర్చుంది. కళ్లలో నీళ్లు, పెదాల మీద నవ్వు. భూపాల్ వెనకే వచ్చాడు.

“రేపటి ప్రోగ్రాం ఏందే?” గుసగుసగా అడిగాడు.

మమత చీర తెర వైపు ఓసారి చూసింది.

“అత్తమ్మను, మామయ్యను రైలెక్కించి రాంగనే మన హనీమూన్ ఇక్కడనే, బావా.”