పాట ఆగిన చోటు

"ఈ ఫోను చెడిపోయింది, చూడు నాయనా," అంటూ రిపేరు కొట్టు బల్ల మీద పెట్టాను.

కొట్టబ్బాయి పాట పెట్టాడు. కొట్టంతా మోగింది. "శుభ్రంగా ఉంది కదా మామ్మా! మీకు ఊరికే కంగారు."

"ఇందాక ఆగింది."

"నిన్ననే చెప్పాను కదా. తాతగారి చెవుల్లో హెడ్‌సెట్ పదడుగుల్లో ఉంటే పాట అందులోకి పోతుంది. దూరమైతే ఫోనే పాడుతుంది."

ఆ మాట పట్టుకునే పొద్దుటి నుంచి తిరుగుతున్నాను. మా ఆయనది మతిమరుపు. హెడ్‌సెట్ చెవుల్లో పెట్టుకునే ఎటో వెళ్లిపోయారు. పాట ఎక్కడ ఆగితే అక్కడ ఉన్నట్టే అనుకుని, ఫోను మోగించుకుంటూ వీధులన్నీ గాలించాను. ముసలమ్మకు హుషారెక్కువైందని నలుగురూ నవ్వారు. ఆగవే తల్లీ అని పాటనే బతిమాలుకున్నాను.

"మరి ఎక్కడ ఆగింది?"

"ఆసుపత్రి వెనకాల, శవాల గది ముందు. తాళం వేసి ఉంది."

అతను ఫోనులో పాట కట్టేశాడు.

"మూడుసార్లు వెనక్కి వెళ్లి మళ్లీ నడిచి వచ్చాను. మూడుసార్లూ అక్కడే ఆగింది. చెడిపోయిందని చెప్పు నాయనా, నీకు పుణ్యముంటుంది."

అతను నా మొహం చూడలేదు. స్క్రూడ్రైవర్ తీసుకుని, బాగున్న ఫోనును నెమ్మదిగా విప్పడం మొదలుపెట్టాడు.