పచ్చదీపం

నూకరత్నం బిడ్డను ఒళ్లో పెట్టుకుని, ఆరోగ్య కార్యకర్త పైడమ్మ కోసం ఎదురుచూస్తోంది. ఆ ఊళ్లో తల్లులు చనుబాలను విషం కొలిచే మీటరుకు చూపించాకే బిడ్డకు పట్టాలి. చెత్త కాల్చే ఫ్యాక్టరీ పొగలోని డయాక్సిన్ అనే విషం గడ్డి మీద పడి, గేదెపాలలోకి, అక్కణ్ణించి తల్లుల పాలలోకి చేరుతోంది. నెల రోజులుగా రత్నానికి ఎర్రదీపమే. రోజూ పాలు పిండి పారబోసి, బిడ్డకు డబ్బాపాలు పడుతోంది.

ఆవేళ పైడమ్మ వచ్చి పాలు పరీక్షిస్తే, దీపం పచ్చగా వెలిగింది. రత్నం సంతోషంగా రవిక ముడి విప్పబోతూ మీటరు మీద అంకె చూసింది. నిన్నటి తొమ్మిదే!

"ఏటిది పైడమ్మప్పా? అంకె మారనేదు, దీపమెలా మారింది?"

పైడమ్మ తల దించుకుంది. "నిన్న పైనుంచి మీటర్లు మార్చినారమ్మా. ఇదివరకు నాలుగు దాటితే ఎరుపు. ఇప్పుడు పది దాటాలట."

రత్నానికి ఒళ్లు మండిపోయింది. గిన్నెలో పాలు పిండి, బిడ్డను చంకనేసుకుని తిన్నగా ఫ్యాక్టరీకి నడిచింది. సంగతి విన్న తల్లులంతా వెంట నడిచారు. గేటు దగ్గర మేనేజరు కారు దిగాడు.

"పచ్చదీపం వచ్చింది కదమ్మా, ఇంకా భయమెందుకు?"

"భయం నేదు కదా బాబూ? అయితే తాగు!" అని గిన్నె చాచింది.

అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"నువ్వు తాగనేనిది నా బిడ్డకెలా పట్టమంటావు?"

రత్నం గేటుకు అడ్డంగా కూలబడింది. ఆమె పక్కనే పైడమ్మ, ఉద్యోగపు చీరతోనే కూర్చుంది. సాయంత్రానికి చెత్తలారీలు రోడ్డు పొడుగునా నిలిచిపోయాయి. కాల్చడానికి ఏమీ లేక, ఆ పొగగొట్టం మొదటిసారి చల్లబడింది.