పెద్ద తల కట్టె

“డ్రైవరు గావాల శెట్టీ. జల్దీ ఇయ్యి.”

క్రికెట్ బ్యాట్ల మీద దుమ్ము దులుపుతున్న వాసుదేవ్ తలెత్తి చూశాడు. ఆయనది కర్నూల్లో ఆటసామాన్ల అంగడి. ఎదురుగా పంచె ఎగగట్టిన ముసలాయన, ఆయన వెనక భార్య. బస్సు దిగి పరుగున వచ్చినట్టున్నారు, ఇద్దరూ ఆయాసపడుతున్నారు.

“డ్రైవరు గావాలంటే లారీల స్టాండుకు పోవాల పెద్దాయనా. నా దగ్గర బ్యాట్లూ బంతులే.”

“ఆ డ్రైవరు గాదప్పా. గాల్ఫని ఒక ఆట ఉండాదంట గదా, దాంట్లో బంతిని దూరం కొట్టే కట్టె. దాని పేరు గూడా డ్రైవరేనంట.”

వాసుదేవ్ కళ్లజోడు సర్దుకున్నాడు. ఇన్నేళ్ల వ్యాపారంలో ఆ వస్తువు అడిగినవాడు ఒక్కడే, ఎవరో పెద్దాఫీసరు. రెండు రకాలు తెప్పించమని చెప్పి, అవి వచ్చేలోపే బదిలీ అయి చక్కాపోయాడు. అప్పట్నుంచీ ఆ రెండు కట్టెలూ అటకెక్కి కూర్చున్నాయి. అటక మీది సరుకు అడిగేవాడు వ్యాపారికి దేవుడే. అయినా నోరు ఊరుకోదు కదా.

“ఎవరికి, నీకేనా?”

“మా కొడుక్కు, ఉరుకుందు వాని పేరు. బెంగుళూర్లో ఆ ఆటాడే సార్ల సంచులు మోసే పని వానిది. అట్లాంటి కట్టె సొంతానికి ఒకటి గావాలని శానా ఆశంట. మాతో ఎప్పుడూ జెప్పలే. వాని స్నేహితుడు జెప్పినాడు పొద్దున.”

“దానికింత తొందరేంది?”

“వాడు అలిగినాడు సామీ,” అంది ముసలామె గిడ్డమ్మ. “పొట్టేలు కూర పెడ్తి, ఓళిగలు పెడ్తి. పొద్దన్నుంచి ఒక్క మెతుకు ముట్టల్యా. పొద్దు నెత్తికొచ్చే లోపల ఈ కట్టె చూపిస్తే తింటాడేమో.”

వాసుదేవ్‌కు ఒళ్లు మండింది. ముద్దు చేసిన కుక్క మూతి నాకిందంటే తప్పు కుక్కది కాదు, ముద్దు చేసినవాళ్లది.

“రేపు చందమామ కావాలంటాడు. అదీ తెచ్చిస్తారా?”

“అడిగితే తెస్తాం సామీ,” అంది గిడ్డమ్మ.

వాసుదేవ్ అటక దగ్గరికి నడిచాడు. నిచ్చెన వేసి కట్టెలు రెండూ దించాడు. ఒకదాని తల పిడికిలంత, రెండోదాని తల కొబ్బరికాయంత ఉంది.

“ఈ చిన్న తలది చేయి తిరిగినోళ్లకు. నడిమధ్యన తగిలితే బంతి బాణమే. రవ్వంత పక్కకు తగిలిందా, యాడికి పోతాదో దానికే తెలీదు. ఈ పెద్ద తలది మామూలు ఆటగాళ్లకు. లోపలంతా డొల్ల, బరువు అంచులకు ఉంటాది. దెబ్బ తప్పినా బంతి మరీ దారి తప్పదు. మీవాడు ఎట్లాడతాడు?”

“నేనొక్కసారే చూసినా,” అన్నాడు ముసలాయన కంబన్న. “శెనక్కాయ బుడ్డలు ఇచ్చొద్దామని బెంగుళూరు పోయింటి. సార్లంతా పోయినాక యాదో పాత కట్టెతో కొట్టినాడు. బంతి కుడిపక్క చెట్లల్లోకి పాయె. ‘నువ్వు చూస్తాంటే సిగ్గయి తప్పినా నాయినా’ అని నవ్వినాడు.”

చెబుతూ కంబన్న కూడా నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

“ఏదైనా చెప్పుల లెక్కే పెద్దాయనా. ఎవరి కాలికి వాళ్లే తొడుక్కుని చూడాల. వాణ్ణే రమ్మను.”

“రాలేడప్పా.”

“ఇదో, కాయిన్ బాక్సు ఉండాది. ఫోను చేసి అడుగు.”

“ఓర్వకల్లు పక్కన మా చేన్లో ఉండాడు. ఆడ ఫోను లేదు.”

“ఓర్వకల్లేమన్నా కాశీనా? బస్సెక్కి రాలేడంట గానీ, ముసలోళ్లను ఎండలో తిప్పేది మాత్రం తెలుసంట!”

గిడ్డమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కోపం వచ్చిందేమోనని వాసుదేవ్ నాలుక కరుచుకున్నాడు. కంబన్న మాత్రం కట్టెలు రెండూ చేతుల్లోకి తీసుకున్నాడు.

“తప్పు కట్టె తీసకపోతే వాడు ఎంగిలిపడడు శెట్టీ. ఏది గావాలని మళ్లీ అడిగేదానికి గూడా లేదు. నేనే కొట్టి జూస్తా.”

అంగడి వెనక ఎండిన హంద్రి ఏటి ఇసుక. వాసుదేవ్ చిన్న కొయ్యమేకు గుచ్చి దాని మీద బంతి నిలబెట్టాడు. కంబన్న గొడ్డలి ఎత్తినట్టు చిన్న తల కట్టె ఎత్తి కొట్టాడు. బంతి పక్కకు ఎగిరి కంపచెట్లలో పడింది. ఇంకో బంతి పెడితే అదీ అక్కడికే పోయింది.

పెద్ద తల కట్టె అందుకున్నాడు. ఈసారీ దెబ్బ సరిగ్గా పడలేదు, అంచున తగిలింది. అయినా బంతి ఇసుక మీదుగా దాదాపు తిన్నగా పోయి ఎక్కడో దూరాన పడింది. మళ్లీ కొట్టాడు. అదీ తిన్నగానే పోయింది.

“ఇదే శెట్టీ. నేను చూస్తాన్నా మావాడు ఇంక తప్పడు,” అంటూ కంబన్న ఇసుకలో కూలబడి ఏడ్చాడు.

అంతటి మనిషి అలా ఏడుస్తుంటే వాసుదేవ్‌కు జాలేసింది. ఇలాంటి తల్లిదండ్రుల విలువ తెలియని ఆ కొడుకు మీద కోపం ఇంకా పెరిగింది. అంగట్లోకి తీసుకొచ్చి, కట్టె తలకు మందపాటి కాగితం తనే శ్రద్ధగా చుట్టి దారం కట్టాడు.

“వానికి నా మాటగా చెప్పు పెద్దాయనా. ముందు కడుపునిండా తిని, ఆ తర్వాతే దీన్ని ముట్టుకోమను.”

గిడ్డమ్మ గబగబా ఆ దారం తెంపి కాగితం విప్పేసింది.

“అదేందమ్మా! దుమ్ము పడతాది.”

“పడనీ సామీ. వాని సమాధి కాడ, కూడు పక్కన పెట్టాల. కాయితం చుట్టింటే కాకి ఎట్ల గుర్తుపడతాది?”