మగపూలు

ఈసారి కూడా కూసా గుమ్మడి పిందెలు వేలెడు పొడవైనా కాకుండానే పసుపెక్కి రాలిపోయాయి.

భీమేశ్వరరావుకు ఒళ్లు మండింది. అరబ్బు దేశంలో, బుసైతీన్‌లో ఆయన విల్లా వెనక ఇరవై మొక్కలు. "మా తోట కూసాలతోనే మీకు విందు" అని తన వ్యాపారానికి పూచీ ఉన్న అరబ్బు కఫీల్ ముందు గొప్పలు పోయి నెల దాటింది. ఎరువు మార్చాడు. నీళ్లు పెట్టే వేళ మార్చాడు. ఒక్క పిందె నిలవలేదు.

చివరికి విత్తనాల షాపు ముబషిర్‌ను పిలిపించాడు. ముబషిర్‌ది హైదరాబాద్. మొక్క మొక్కకీ ఆకులెత్తి చూశాడు.

"కింద పిందె ఉన్నది ఆడపువ్వు సార్. సన్న కాడ మీద వచ్చేది మగపువ్వు. దాని పుప్పొడి అంటితేనే పిందె ఊరుతది. ఇక్కడ మగపువ్వు ఒక్కటి లేదు. కాడలు చూడండి, గిల్లినట్టున్నయి. రోజూ పొద్దుగాల్నే ఎవరో తెంపుతున్నరు."

రావు చూపు స్వామి మీద పడింది.

జగిత్యాల వైపు మనిషి స్వామి. సైటు పని మాన్పించి తోటపనికి పెట్టుకున్నాడు రావు. ఉండేది విల్లా వెనక గదిలోనే. కన్న అవ్వ మంచాన పడింది, ఒక్కసారి ఇంటికి పంపండని ఆర్నెల్లుగా కాళ్లావేళ్లా పడుతున్నాడు. రావు కరగలేదు. మామగారు పోయినప్పుడు కట్టుకున్న వినోదనే పంపని మనిషి, పనివాణ్ణి పంపుతాడా?

"నువ్వేనా?"

గుమ్మంలో నిలబడ్డ వినోద చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

స్వామి తలెత్తాడు.

"నేనే సార్. రోజూ నేనే తెంపిన. మా అవ్వ నాకోసం ఏడ్సినట్టు మీరు కాయకోసం ఏడ్వాలె. నేనీడ ఉన్నన్ని దినాలు ఒక్కటి గూడ కాయనియ్య."

రావు చెంప పగలగొట్టాడు.

"వీసా క్యాన్సిల్! మళ్లీ ఈ దేశంలో అడుగు పెట్టావో, చూడు నీ సంగతి!"

కాగితాలు పరుగెత్తాయి. ఆర్నెల్లు అడిగినా దొరకని పాస్‌పోర్టు నాలుగు రోజుల్లో స్వామి చేతికొచ్చింది. ఐదో రోజు అవ్వ మంచం పక్కన కూర్చున్నాడు. ఆమె అతని చెంప నిమిరింది. ఆ దెబ్బ తలుచుకుని స్వామి నవ్వుకున్నాడు.

ఇక్కడ రావు కూడా నవ్వుకున్నాడు.

"పీడ పోయింది. ఇక చూడు, కాయలే కాయలు!" అన్నాడు భార్యతో.

"అవునండీ," అంది వినోద.

మర్నాడు ఆయన నిద్ర లేవకముందే ఆమె తోటలోకి వెళ్లి, విచ్చుకున్న మగపూలన్నీ తెంపేసింది, ఎప్పటిలాగే.