దొమితిలా బండికి కొత్త కళ్ళు

"ఇవి దీపాలా పెద్దమ్మా, మిణుగురు పురుగులా?"

బండి ముందు గొంతుక్కూర్చుని ఉబాల్దో పకపకా నవ్వాడు. దొమితిలా నవ్వలేదు.

"ఇకిలింపులు ఆపి పని చూడు. సాయంత్రానికల్లా కొత్తవి వెలగాలి. ఆకాశం చూశావా, ఇవాళ గరువా దిగేలా ఉంది."

ఆ తీరంలో గరువా దిగిందంటే చాచిన చెయ్యి కనబడదు. సగం మంచు, సగం తుంపర.

ఉబాల్దో ఆమె చెల్లెలి కొడుకు. హిపిహాపా పట్నంలో బండ్ల కరెంటు పని చేస్తాడు. కబురందగానే ఎల్‌ఈడీ దీపాల పెట్టె వెనక కట్టుకుని మోటార్‌సైకిల్ మీద వచ్చేశాడు. ఊరి చివర, కొండ మీద, దొమితిలా ఇంటి పక్కనే ఉంది ఆ ఎర్ర పికప్. ఉప్పుగాలికి రంగు పెచ్చులూడింది. ముందు గాజులు పసుపెక్కి, ముసలి కళ్ళలా మసకబారాయి.

"ఇంతకీ మొన్న ఏమైంది పెద్దమ్మా?" గాజు విప్పుతూ అడిగాడు.

"ఏముంది, పొగమంచులో దారి కనబళ్ళేదు. రాళ్ళు బారెడు దూరంలో ఉన్నాయనగా మీ పెదనాన్న ఒక్క ఊపున పక్కకి తిప్పేశాడు. లేకపోతే పదకొండు మందీ పోయేవాళ్ళే. ఇన్నేళ్ళలో నా బండిని నమ్ముకున్న వాళ్ళకి చిన్న గీత పడలేదు. మొన్న మాత్రం రాత్రంతా నాకు కునుకు లేదురా."

ఉబాల్దో మళ్ళీ గాజు మీదికి వంగాడు. స్క్రూలు తిప్పే వేగం పెరిగింది.

నీళ్ళ బిందెతో వెళుతున్న జోయిలా ఆగింది. "కొత్త దీపాలా వదినా! అయితే ఇక నుంచి మా ఆయన పెందలాడే ఇల్లు చేరతాడన్నమాట."

"చేర్చేవరకే నా పూచీ. మధ్యలో సారాకొట్టు దగ్గర ఆగితే నా దీపాలేం చేస్తాయే?"

మధ్యాహ్నానికి దీపాలు బిగించడం అయిపోయింది. ఉబాల్దో గొప్పగా చెయ్యి ఊపాడు. దొమితిలా స్విచ్ నొక్కింది. భగ్గుమని వెలిగాయి. మరుక్షణం బానెట్ కిందినుంచి కాలిన వాసన వచ్చింది. దీపాలు ఆరిపోయాయి.

"అయిపోయింది," అంది దొమితిలా. కొండ కింద అప్పుడే తెల్లగా పొగమంచు పేరుకుంటోంది.

"ఏమీ అవలేదు. పాత తీగలు తట్టుకోలేకపోయాయి, అంతే." ఉబాల్దో లావు తీగలు తీసి బ్యాటరీ నుంచి నేరుగా లాగడం మొదలుపెట్టాడు. చివరికి కరెంటు మళ్ళించే రిలే డబ్బీ ఒక్కటి తక్కువైంది. పెట్టెంతా బోర్లించాడు. లేదు. ఒక్క క్షణం తన మోటార్‌సైకిల్ వైపు చూశాడు. వెళ్ళి దాని హారన్ రిలే పీక్కొచ్చాడు.

"ఒరేయ్, హారన్ లేకుండా ఇంటికెలా పోతావురా?"

"అరుచుకుంటూ పోతా."

అప్పటికి గాని ఆమె మొహంలో నవ్వు కనబడలేదు.

తీగలు బిగించాక, ఉబాల్దో దీపాల ఎత్తు సరిచేయబోయాడు. చేతి అలవాటు కొద్దీ వెలుగు కిందికి దించాడు.

"పైకెత్తు," అంది దొమితిలా.

"ఎదురొచ్చేవాడి కళ్ళు బైర్లు కమ్ముతాయి పెద్దమ్మా."

"కమ్మనీ. నాకు దారి కనబడక్కర్లేదు. వాళ్ళకి నేను కనబడాలి."

"పోలీసులు పట్టుకుంటేనో?"

"పట్టుకోనీ. నేనెక్కడికైనా పారిపోతానా?"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

సాయంత్రానికి గరువా నిజంగానే దిగింది. పక్కింటి కప్పు మాయమైంది. తర్వాత జోయిలా పెరట్లోని అరటి చెట్లు మాయమయ్యాయి. దొమితిలా శాలువా బిగించుకుని స్టీరింగు ముందు కూర్చుంది. తాళం తిప్పింది. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. స్విచ్ నొక్కింది.

రెండు తెల్లటి వెలుగు కడ్డీలు మంచుని చీల్చుకుంటూ దూసుకుపోయాయి. పక్క సీట్లో ఉబాల్దో ఈల వేశాడు.

ఆమె వినలేదు. వేళ్ళు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. రెప్ప వెయ్యకుండా ఎదురుగా చూస్తోంది. మధ్యమధ్య హారన్ కొడుతోంది. కాలిన వాసన ఏమైనా వస్తోందా అని ముక్కు ఎగబీలుస్తోంది. ఆ రాళ్ళు గుర్తొచ్చినప్పుడల్లా పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనేమో.

"వాళ్ళకేం కాదు పెద్దమ్మా," అన్నాడు ఉబాల్దో మెల్లగా.

"నోరు ముయ్యి. విననీ."

చాలాసేపు అలాగే హారన్ కొడుతూ, చెవి ఒగ్గుతూ కూర్చుంది. తర్వాత ఎదురుగా, మంచులోంచి ఒక గొంతు.

"ఒసేయ్ దొమితిలా! తగ్గించవే తల్లీ, కళ్ళు పోయేలా ఉన్నాయి!"

మొగుడు నెక్తారియో గొంతు. దాని వెనకే బోలెడు నవ్వులు. మోకాళ్ళదాకా తడిసిన మగవాళ్ళు ఒక్కొక్కరే చేతులు అడ్డం పెట్టుకుంటూ వెలుగులోకి వచ్చారు. జోయిలా మొగుడు కూడా ఉన్నాడు. దొమితిలా పెదవులతో లెక్కపెట్టుకుంది. పదకొండు.

"ఆ రాళ్ళు ఎక్కడున్నాయో ఇవాళ పట్టపగల్లా తెలిసిందే!" అన్నాడు నెక్తారియో, కిటికీలోంచి తల లోపలికి పెట్టి. "ఎవడు చేశాడు ఈ పని? వీడేనా? రారా, వేరుశనగ పులుసు తిని గాని కదలడానికి వీల్లేదు."

దొమితిలా ఇంజను ఆపి, కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుకుంటూ దిగింది.

కింద రేవులో పడవ కట్టేసి కొండెక్కి వచ్చిన ఆ పదకొండు మందికీ ఏళ్ళ తరబడి సముద్రంలో దారి చూపిస్తున్న ఆ బండికి అసలు చక్రాలే లేవు.